అత్త ముందు ఆ మాట ఎత్తకండి

నిన్న పొద్దున ఫోన్.

"యాదగిరికి ఊపిరి ఆడతలేదు, కోదాడ తీస్కపోతున్నం" అని అత్త ఏడుపు.

మిర్యాలగూడ నుంచి నేను చేరేసరికే అంతా అయిపోయింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

యాదగిరి మా మేనత్త కొడుకు. గరిడేపల్లిలో వరికోత మిషన్ నడిపేవాడు. బైక్ మీద నుంచి పడి, తొడ ఎముక కూర్చునే తుంటి గిన్నె పగిలింది. సూర్యాపేటలో ఆపరేషన్ చేశారు. ఎముక బాగా కుదిరిందన్నారు.

చూడటానికి వెళ్తే బావ ఫోన్‌లో ఎక్స్‌రే ఫొటో చూపించాడు.

"సూడు బామ్మర్దీ, లోపల అన్ని ప్లేట్లు, స్క్రూలే! ఇగ నాకు రిపేరొస్తే మెకానిక్‌ను పిలువు."

నవ్వితే నొప్పి. అయినా నవ్వాడు. కోతలకల్లా సీట్లో కూర్చుంటానని ఒకటే పట్టు.

ఇంటికొచ్చాక పిక్క వాచింది.

వాపంటే మన ఇళ్లల్లో ఏం చేస్తాం? ఆముదం వెచ్చచేసి రుద్దుతాం. అత్తా అదే చేసింది. కొడుకు కాలు ఒళ్లో పెట్టుకుని, వాడు నిద్రపోయేదాకా రుద్దింది.

కాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందని కోదాడ డాక్టర్ చెప్పాడు. ఇలాంటి సర్జరీ తర్వాత ఆ రిస్క్ ఉంటుందట.

"వాపు మీద ఎవరైనా రుద్దారా?" అని అడిగాడు.

అత్త పక్కనే గోడకు ఆనుకుని ఉంది.

"లేదు సార్" అన్నాను.

రుద్దకపోయినా ఆ గడ్డ కదిలేదేమో. రుద్దడం వల్లే కదిలిందేమో. ఇక ఎవరికి తెలుస్తుంది?

అత్తకు ఫోన్‌లో చదవడం రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆపరేషన్ అయినవాళ్లకు కాలు వాస్తే నూనె సీసా తీయకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కానీ పలకరించడానికి వచ్చినప్పుడు ఈ సంగతి మాత్రం ఆమె చెవిన వేయకండి. మీకు దండం పెడతా.

ఇవాళ పొద్దున నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"వాడు నిద్రపోయినంక, చేతులు గుంజుతున్నయని నేనే ఆపిన్రా. ఇంక జరసేపు రుద్దితే నా కొడుకు బతుకుతుండెనా?"

ఆ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

పోయిరా బావా. నీకు శాంతి దొరకాలి. మీ అమ్మకు కూడా.