ఎవలు సెప్పేరు?

పరవాడలో కంపెనీ బస్సులు ఆగేచోట ఇడ్లీలు అమ్మే దేముడమ్మ, ఏ వార్త విన్నా ముందు "ఎవలు సెప్పేరు?" అంటుంది.

మొన్న పక్క టీకొట్టు టీవీలో ఏదో దూరదేశం మీద బాంబులు పడుతున్నాయి. శత్రువుల స్థావరాలనే కొట్టామనీ, జనానికేమీ కాలేదనీ బాంబులేసిన ప్రభుత్వం ప్రకటించిందట. బస్సు కోసం నిలబడ్డ, ఆమెకు వరసకు తమ్ముడయ్యే బాబ్జి చప్పట్లు కొట్టాడు.

దేముడమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఎవలు సెప్పేరు? ఏసినోడేనా? ఇక్కడ గేసు లీకైనప్పుడు కంపెనీవోలూ ఇలాగే సెప్పేరు గదరా, జనానికేటీ అవనేదని! ఆసుపత్రి టీవీలో నానే ఇన్నాను."

"నిజమే గానీ అప్పా, అది మన ఊరు. ఇది యుద్ధం" అన్నాడు బాబ్జి.

"ఆ కంపెనీవోల మాట టీవీలో ఇంటన్నప్పుడు మీ బావ తల నా ఒళ్లోనే ఉంది" అంది దేముడమ్మ. "అప్పటికే మనిషి సల్లబడిపోనాడు."