మస్తాన్‌వలీ సార్ పోసిన ఇనుము

బుక్కరాయసముద్రం దాటి కారు గుట్టల వైపు తిరగగానే క్రషర్ల చప్పుడు వినిపిస్తుంది. అద్దాలు ఎత్తినా పళ్ళ మధ్య రాతిపొడి కరకరలాడుతుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం మస్తాన్‌వలీ సార్ గుర్తొస్తారు. అనంతపురంలో నాకు లోహశాస్త్రం చెప్పి, నా చేత పరిశోధన చేయించిన మనిషి ఆయన. ఆయన్ను ఎరగనివాళ్ళకు ఆయన గురించి చెప్పడమంటే నా గొప్ప నేను చెప్పుకున్నట్టే ఉంటుంది. చెప్పుకుంటాను, ఏం పోయింది.

సార్‌ది కొత్తచెరువు. వాళ్ళ నాయన సంతల్లో ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. ఆ సంగతి ఆయన దాచుకునేవారు కాదు, క్లాసులో మొదటి పాఠమే అక్కడినుంచి ఎత్తుకునేవారు. నేను గుమ్మఘట్ట దగ్గర మెట్టరైతు కూతురిని, నోరు కాస్త పెద్దది. చేరిన రోజే, ఆడపిల్లకు ఇనుముతో ఏం పనని మా ఊళ్ళో అంటున్నారని చెప్పాను. ఆయన తలెత్తకుండానే, "అనేటోళ్ళు అంటాంటారు. కొలిమి కాడికి రా, పనుండాది" అన్నారు.

రాళ్ళు పగలగొట్టే మిషన్లకు పోత ఇనుప పట్టీలు తయారుచేయడం మా పని. మిషన్ లోపల గిరగిరా తిరుగుతూ రాయిని కొట్టేవి ఆ పట్టీలే. మా గుట్టల రాయి ముందు మామూలు ఇనుము నాలుగు రోజులకే అరిగిపోతుంది. క్రోమియం దండిగా కలిపి పోస్తే అరగదు గానీ, గట్టిపడేకొద్దీ పెళుసవుతుంది. అరగకూడదు, విరగకూడదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుండేది మా పరిశోధన.

ఓబుళరెడ్డి అనే క్రషర్ యజమాని తన మిషన్లో మా పట్టీలు బిగించుకోవడానికి ఒప్పుకున్నాడు. అవి బాగా నడుస్తుంటే నా కాళ్ళు నేలమీద నిలవలేదు. నగరంనుంచి నిపుణుల కమిటీ వచ్చి, ఫలితం బాగుందంటేనే ప్రాజెక్టు సాగుతుంది. ప్రాజెక్టు ఆగితే నా ఫెలోషిప్పు ఆగుతుంది, దాంతో చదువూ ఆగుతుంది. ఆ ఏడు వానల్లేక వేరుశనగ నిలువునా ఎండిపోయింది, నన్ను చదివించే స్తోమత నాయనకు లేదు. సరిగ్గా కమిటీ రావడానికి ముందు వారం, పట్టీ రెండు ముక్కలైందని కబురొచ్చింది.

పోయి చూస్తే, రాళ్ళు ఎత్తే యంత్రం బకెట్‌కు ఉండే ఉక్కు పన్ను ఒకటి ఊడి, రాళ్ళతోపాటు మిషన్లో పడింది. దాని దెబ్బకే పట్టీ విరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది, తప్పు మాది కాదు కదా. ఓబుళరెడ్డి కూడా పెద్దమనసుతో, ఇది తన మనుషుల అజాగ్రత్తేనని కమిటీకి తానే చెప్తానన్నాడు. "మీ ఇనుముదేం తప్పుండాది సారూ? పాప చదువు చెడిపోతాది, ఊరకుండు" అన్నాడు.

సార్ విరిగిన ముక్క అంచును బొటనవేలితో తడిమి చూశారు. "వద్దు రెడ్డన్నా. నాడా ఊడొస్తే మా నాయన దావలో రాళ్ళున్నాయని చెప్పినోడు కాదు. రాళ్ళ దావని తెలిసే గదా కొట్టినాం అనేటోడు. ఇనుప ముక్క పడని క్వారీ యాడన్నా ఉండాదా?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన నిజాయితీకి నా చదువు బలి కావాలా అనిపించింది. హాస్టల్‌కు రాగానే తలుపేసుకుని ఏడ్చాను.

కమిటీ రోజు సార్ ఆ ముక్కల్ని గుడ్డలో మూటగట్టుకొచ్చి, పెద్దల టీ కప్పుల మధ్య పెట్టారు. మా పట్టీ ఓడిపోయిందని మొదటి మాటగానే చెప్పేశారు. తర్వాత నావైపు తిరిగి, "ఎందుకు ఇరిగిందో మా పాప చెప్తాది. నాకన్నా బాగా తెల్సు" అన్నారు. లేచి నిలబడ్డాను. నెలల తరబడి ఆ ఇనుమును సూక్ష్మదర్శిని కింద చూసింది నేనే. కర్బనం ఎక్కువై లోపల గట్టి పలుకులు పెద్దవిగా పేరుకున్నాయని, పగులు వాటి వెంటే పాకిందని చెప్పాను. కర్బనం తగ్గించి, వేడిచేసి చల్లార్చే తీరు మారిస్తే కొంత గట్టిదనం పోయినా దెబ్బకు ఆగుతుందన్నాను. వాళ్ళలో పెద్దాయన ముక్కను చేతిలోకి తీసుకుని, ఇలా విరిగినదాన్ని పట్టుకొచ్చి చూపించినవాళ్ళు ఇంతవరకు లేరన్నాడు. మాకు ఇంకో ఏడాది ఇచ్చారు.

ఆ ఏడాది కొత్త పట్టీల మీద కూడా ఇనుప ముక్క పడింది, పడకుండా ఎలా ఉంటుంది. అంచు కాస్త చెదిరింది, పట్టీ మాత్రం నిలబడింది. ఓబుళరెడ్డి సంతోషంతో ఫోన్లో అరిచినంత పని చేశాడు. "సరే, అంచు ఎందుకు చెదిరిందో సూడు పాపా" అన్నారు సార్, అంతే. ఆ తర్వాత పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆ పట్టీ పోసినవాళ్ళలో నేనూ ఉన్నానని ఈ రోజుకీ పొంగిపోతాను.

సార్ ఇప్పుడు లేరు. నేనొక ల్యాబు నడుపుతున్నాను. మొన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, పిండి చేసే మిల్లు లోపల బిగించడానికి మేం పోసిన ఇనుప పలక పగిలింది. వాళ్ళు మిల్లు తిప్పిన తీరే తప్పని రుజువు చేయడానికి మా ల్యాబు పిల్లలు అన్నీ సిద్ధం చేసుకొచ్చారు. అందులో చాలావరకు నిజం కూడా. మీటింగులో నేను లేచి, అది అలాంటి మిల్లులో నిలబడాలనే పోశామని, నిలబడలేదని చెప్పాను. వాళ్ళు మళ్ళీ మాకు పని ఇస్తారో లేదో ఇంకా తెలియదు. ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకముందే మా అమ్మాయిని పిలిచి, మా పలక పగిలిందని గర్వంగా చెప్పుకున్నాను.