రొట్టెల మూట పక్కన పలక

ఈ మెట్టనేల మీద మమ్మల్ని ఇన్నాళ్లు బతికించిన దేవునికి స్తోత్రం. నేను రాయబోయేది ఆయనకు ముందే తెలుసు. సిగ్గుపడవలసింది నేనూ, మా సంఘపు పెద్దలూ.

నా భర్త మార్కాపురం దగ్గర మూడు పల్లెలకు ఉపదేశి. మంచి గొంతు. ఆ గొంతులో పెట్టడానికి సొంత ఆలోచన మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. ప్రసంగాలు నేను రాసేదాన్ని. యుద్ధం రోజులు, కాగితం దొరకడం గగనం. పలకల గనిలో పనిచేసే మా అన్న అంచు విరిగి అమ్ముడుపోని పలకలు తెచ్చి ఇచ్చేవాడు. శనివారం వంట అయ్యాక పొయ్యి పక్కనే కూర్చుని, పలకకు రెండు వైపులా సన్నటి అక్షరాలతో రాసిపెట్టేదాన్ని.

ఆ ప్రసంగాలు విని పెద్దలు తలలూపే తీరు చూడాలి. ఇంతటి జ్ఞానికి వండిపెట్టే భాగ్యం దొరికినందుకు దేవుణ్ణి స్తుతించమని నాకు సలహా కూడా ఇచ్చేవారు. ఒకసారి కూడికలో నేను ప్రార్థన చేయబోతే, ఆడదాని ప్రార్థన పొయ్యి దగ్గర చాలన్నారు. వాళ్లు ఆమేన్ అన్న ప్రసంగమూ ఆ పొయ్యి దగ్గరిదే.

ఒక ఏడు మిషను వాళ్లు ఉపదేశుల్లో ఒకరిని తగ్గించమన్నారు. మా ఆయన ఉండాలో పోవాలో ఆ ఆదివారం ప్రసంగం విని తేలుస్తామన్నారు పెద్దలు. దూరపు పల్లె, చంటిపిల్లను ఎత్తుకుని నేనూ వెంట వెళ్లాలి. రొట్టెలు ఎండిపోకుండా తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను. ఆయన ఆ మూటనూ పలకనూ ఒకే సంచిలో వేశాడు. తడి తగిలితే అక్షరాలు చెరిగిపోతాయని చెప్పబోయాను. అంతలో ఆయన వాకిట్లో ఎవరితోనో, ఈ వారం సందేశం తనకు ప్రార్థనలో దొరికిందని చెబుతున్నాడు. నోరు మూసుకున్నాను.

పాట అయ్యాక ఆయన పలక తీశాడు. రెండు వైపులా నల్లగా, తడిగా మెరుస్తోంది. నా వైపు చూశాడు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాకు కంఠతా వచ్చు. ఒళ్లో పిల్లను సర్దుకుని నేల చూశాను.

"ఏంది పంతులా, పలకను చూస్తా నిలబడితివి? మాక్కూడా చూపిచ్చు," అన్నాడు పెద్దల్లో ఒకాయన. అందరూ నవ్వారు.

ఆయన పలకను వాళ్ల వైపు తిప్పాడు.

"ఏమీ లేదు పెద్దాయనా. ఉన్నా అది నాది కాదు. మూడేండ్ల నుంచి ఆమె రాసిస్తే నేను చెప్పినా. దేవుడిచ్చినాడని అబద్ధమాడినా."

ఆయన చేసిన మొదటి సొంత ప్రసంగం అది. నేను రాసినవేవీ దానికి సాటిరావు.

"అందుకే వాటిల్లో పస ఉండేది కాదు," అన్నాడు అదే పెద్దాయన. మూడేళ్లు కళ్లు తుడుచుకుంటూ విన్నవాడు! మిగతావాళ్లకు కూడా ఎన్నెన్నో తప్పులు అప్పటికప్పుడు గుర్తుకొచ్చాయి. ఉపదేశి పని పోయింది. ఆయన మా అన్నతో పాటు గనికి వెళ్లాడు. దుమ్ముకు వచ్చిన దగ్గు చివరిదాకా పోలేదు.

తడిగుడ్డ సంగతి ఆయన ఎన్నడూ అడగలేదు, నేను చెప్పలేదు. పెద్దల వేషాల మీద నోట్‌బుక్కులు నింపినదాన్ని, ఈ నాలుగు మాటలు ఇప్పటిదాకా రాయలేదు.

చదువుతున్నవారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, చెప్పవలసిన వేళ నోరు మూసుకున్న నీ దాసిని క్షమించు. ఆ పెద్దలను కూడా క్షమించమని అడిగే మనసు ఈమెకు ఇంకా రాలేదు, అదీ నీవే ఇవ్వు. ఆమేన్.