కర్రికి నేర్పిన ‘హో’

పొలాల అమావాస్య, పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. అప్పటికి నాకు గడియారం చూడడం రాదు. కాలువ మీద నీళ్ళు వదిలే లష్కర్ ఖాదర్ మామ తన చేతి గడియారం చూసి అందరి ముందు పైకి చెప్పాడు కనుక ఆ గంట నాకు తెలుసు. నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు డెబ్బై దాటాయి. మొన్న బాన్సువాడలో మా ఇంటి వెనక నల్లా కింద మనుమరాలు శ్రావణి తన కుక్కకు స్నానం చేయిస్తుంటే, తడిసిన బొచ్చు వాసన గుప్పుమని కొట్టి ఆ పొద్దు మొత్తం మళ్ళీ నా ముక్కులోకి వచ్చింది. శ్రావణి ఫోన్లో చూసుకుంటూ దానికి ‘సిట్’ అని, ‘స్టే’ అని నేర్పుతోంది. కూర్చుంటే బిస్కెట్ ముక్క పెడుతుంది. నేను నవ్వితే, “నీకేం తెలుసే అవ్వా, కుక్కకు గిట్లనే ట్రైనింగ్ ఇయ్యాలె” అంది.

నాకేం తెలుసో రాస్తున్నాను. యాభై దాటాక ఆ పిల్ల తల్లి పాత పలక మీద అక్షరాలు దిద్దినదాన్ని, నా రాత వంకర. మాట వంకర కాదు. మా ఊళ్ళో నర్సింలు పటేలు కొడుకులు ఇప్పటికీ తమ తండ్రిని సాయిలు ఇంటి పిచ్చికుక్క కరిచిందని చెప్పుకుంటారు. ఆ సాయిలు మా నాన్న. ఆ కుక్క మా కర్రి. దానికి పిచ్చి లేదు. అది కరవనూ లేదు.

మా ఊరు కోటగిరి తోవలో, నిజాంసాగర్ కాలువ కింద. మాకు రెండెకరాలు, పిల్ల కాలువ చిట్టచివర. వానాకాలంలో మా ఇంట్లో మూడు వాసనలు కలిసి ఉండేవి: దొడ్లో నానిన పేడది, పొయ్యి మీద ఆరేసిన గోనెపట్టాలది, మక్కకంకులు కాల్చేటప్పుడు లేచే పొగది. అమ్మ జొన్నరొట్టె కొడుతుంటే ఆ చప్పుడుకే కర్రి వచ్చి గడప బయట కూర్చునేది. నల్లటి కుక్క, ముందుకాలి వేళ్ళు మాత్రం సున్నంలో అద్దినట్టు తెల్లగా ఉండేవి. నేను బడికి పోలేదు, బర్రెలు కాసేదాన్ని. గట్ల మీద తంగేడు పూలు తెంపుకుంటూ, చింతగింజలతో ఆడుకుంటూ, తోడుకు మనిషి లేక ఆ కుక్కకు పని నేర్పాను.

దానికి ఎవరి సలహా లేదు. రొట్టె అంచులు మజ్జిగలో ముంచి ఒడిలో కట్టుకుని పోయేదాన్ని. కూర్చుంటే ఒక ముక్క, లేచి నా వెంట వస్తే ఏమీ లేదు. మొదట పది అడుగులు పోయి తిరిగి చూసేదాన్ని, తర్వాత గట్టు మలుపు దాకా పోయి చూసేదాన్ని. వాన పడినా లేవకుండా, మొరగకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి దానికి ఒక ఎండాకాలం, సగం వానాకాలం పట్టింది. అయితే ఒక తప్పు చేశాను. మా ఇంట్లో పశువుకు చెప్పే మాటలంటే ఎడ్లకు చెప్పే మాటలే. ఆగమంటే ‘హో’, నడువుమంటే ‘చల్’. కర్రికీ అవే నేర్పాను. ఊళ్ళో నాగలి పట్టిన ప్రతి మగవాడి నోట్లో ఆ మాటలు ఉంటాయన్న సోయి నాకు లేదు.

ఆ ఏడు వానలు సరిగ్గా లేవు. కాలువ నీళ్ళు వంతుల మీద ఇచ్చేవారు. ఎనిమిది రోజులకు ఒకసారి పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా మా వంతు. పిల్ల కాలువ నర్సింలు పటేలు మడి పక్కనుంచే మా మడికి రావాలి. ఆయనకు పదిహేను ఎకరాలు, రెండు జతల ఎడ్లు, పెద్ద గొంతు. మా వంతులో ఆయన గట్టుకు గండి కొడితే మా మడికి బురద తప్ప ఏమీ రాదు. నాన్న ఒక్కడు అన్ని చోట్లా నిలబడలేడు కదా, అందుకని కర్రిని ఆ గట్టు మీద కూర్చోబెట్టాము. పార నేలకు తగిలిన చప్పుడు వింటే అది మొరిగేది, నాన్న వెళ్ళేవాడు. రెండు వంతులు మా మడి నిండింది. నాటిన వరి పచ్చబడింది. నాన్న మొట్టమొదటిసారి నా తల మీద చెయ్యి పెట్టాడు.

మూడో వంతు నీళ్ళు రాలేదు. కుక్క మొరగలేదు. మేం పోయి చూస్తే గట్టుకు చేటంత గండి, నీళ్ళన్నీ పటేలు మడిలో. కర్రి ఆ గండి పక్కనే బుద్ధిగా కూర్చుని మమ్మల్ని చూసి తోక ఊపింది. పటేలు తన మడిలో నిలబడి తంబాకు నలుపుకుంటున్నాడు. దాచుకోలేదు కూడా. మా ముందే కుక్కతో ‘చల్’ అన్నాడు, అది లేచింది. ‘హో’ అన్నాడు, కూర్చుంది. పక్క మళ్ళలో కలుపు తీసే ఆడవాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు.

“నీ కుక్క నాకే కొల్వు జేస్తుంది గదనే పిల్లా. గంజి మీరు పొయ్యున్రి, పని నేను జేపిచ్చుకుంట” అన్నాడు.

వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నేను ఇప్పటికీ మరచిపోలేదు, ఎవరెవరు నవ్వారో కూడా. నాన్న పటేలును ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చి ముల్లుగర్రతో కర్రిని కొట్టాడు. నేను అడ్డం పడితే నాకూ రెండు తగిలాయి. ఆ కుక్క చెప్పిన మాట విన్నందుకు దెబ్బలు తిన్నది. తర్వాత నాన్న ముల్లుగర్ర మూల పెట్టి, “వచ్చే వంతు గూడ పోతే దీన్ని మంజీర అవుతల ఇడ్సొస్త. ఇగ గీ ఇంట్ల ఉండది” అన్నాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు. వరి ఎండితే మేం కూలికి పోవాలి, కర్రి పోతే నాకు ఇంకెవరూ లేరు. చేతిలో ఎనిమిది రోజులు.

మరునాడు పటేలు మడి కంప మీద ఆరేసిన తువ్వాల నేను తీసుకున్నాను. దొంగతనమే. దాని నిండా తంబాకు వాసన. బర్రెలను వాగులో వదిలి, ఆ తువ్వాలను కట్టెకు కట్టి కర్రి ముందు ఆడించి, గొంతు లావు చేసుకుని పటేలు లాగా ‘హో’ అనేదాన్ని. కూర్చుంటే ముఖం తిప్పుకునేదాన్ని. తువ్వాల పట్టి లాగితే రొట్టెముక్క. ఎంత గట్టిగా ‘హో’ అంటే అంత గట్టిగా లాగాలి. మూడు రోజులు దానికి ఏమీ అర్థం కాలేదు, నన్ను చూసి ఏడ్చినట్టు చూసేది. నాలుగో రోజు పట్టింది. ఇక నా మాటకైతే మాటే లేకుండా చేశాను. అరచెయ్యి ఎత్తితే వదిలి కూర్చోవడం, దించితే లేవడం. చేతికి చప్పుడు ఉండదు, దొంగ ఎత్తుకుపోలేడు. అమ్మ నా వంతు రొట్టెలు తక్కువ పడుతున్నాయని కనిపెట్టి, ఏమీ అడగకుండా మరొకటి ఎక్కువ కొట్టేది.

ఎనిమిదో రోజు పొలాల అమావాస్య పడింది. ముందురోజు సాయంత్రమే ఎడ్ల మెడలకు పసుపు, నెయ్యి రుద్దారు. పొద్దున ఊరి ఎడ్లన్నీ కాలువలో దిగాయి. గడ్డిచుట్టలతో వీపులు రుద్దుతున్న చప్పుడు, కొమ్ములకు వేసే రంగు వాసన, గవ్వల పట్టెడల గలగల, ఇళ్ళల్లోంచి భక్ష్యాలు కాలుతున్న తియ్యటి వాసన. నాన్న కూడా ఎడ్లను పట్టుకుని కాలువలోనే ఉన్నాడు. పండుగనాడు మళ్ళ దగ్గర ఎవరూ ఉండరని పటేలు లెక్క. జీతగాడికి ఎడ్లను అప్పగించి పార భుజాన వేసుకుని పోవడం నేను చూశాను. వెనకే పోయి, కర్రి కూర్చున్న గట్టు పక్క తుమ్మచెట్టు చాటున నిలబడ్డాను.

పార నేలకు తగిలింది. కర్రి మొరిగింది. పటేలు నవ్వుతూ ‘హో’ అన్నాడు.

అది పోయి ఆయన పంచె అంచు పట్టింది. ఆయన మళ్ళీ ‘హో’ అన్నాడు. అది వెనక్కి లాగింది. ఆయన గొంతు కాలువ దాకా పోయేటట్టు ‘హో, హో’ అని అరుస్తుంటే, ఎవరి ఎడ్లో బెదిరాయనుకుని జనం గట్టెక్కి వచ్చారు. వచ్చేసరికి పంచె ఊడి కర్రి నోట్లో ఉంది. పటేలు గండి పక్కన పార పట్టుకుని చెడ్డీ మీద నిలబడి ఉన్నాడు. కర్రి పంచెను వదిలి ఆయన మీదికి రాలేదు, ఆయన కదిలితే మాత్రం గుర్రుమంది. ఖాదర్ మామ గడియారం చూశాడు. “ఏడు పది అయింది. గీ వంతు సాయిలుది” అన్నాడు.

నేను చెట్టు చాటునుంచి వచ్చాను. నా చెయ్యి ఎత్తితే అయిపోయేది. ఎత్తలేదు.

“నీ కుక్కను పిల్వు బిడ్డా” అన్నాడు పటేలు. పిల్లా అన్న నోరే.

“గండి మూయి పటేలా. మూసినంక పిలుస్త.”

మూశాడు. చేతులతో బురద తోడి, అందరూ చూస్తుండగా, ఒంగి. అంతా అయ్యాక కూడా గట్టు కారుతోందని మరో రెండు మట్టిపెళ్ళలు వేయించాను. కారడం లేదు. తర్వాత అరచెయ్యి ఎత్తాను. కర్రి పంచె వదిలి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం నాన్న ఎడ్లకు పెట్టాల్సిన మొదటి భక్ష్యం కర్రికి తెచ్చాడు. నేను అరచెయ్యి ఎత్తాను, అది తీసుకోలేదు. నా వైపు చూసింది. నాన్న కూడా చూశాడు. ముల్లుగర్ర దెబ్బలు నాకు ఇంకా మానలేదు. ఆయన చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆగి, అప్పుడు నా చెయ్యి దించాను.

ఇప్పుడు మా ఊళ్ళో ఎడ్ల జతలు లేవు, ట్రాక్టర్లు ఉన్నాయి. పొలాలనాడు మట్టి ఎడ్లకు బొట్టు పెడుతున్నారు. పిల్ల కాలువకు సిమెంటు వేశారు, దానికి పారతో గండి పడదు. ‘హో’ అంటే ఆగే పశువు ఆ దారిలో ఒక్కటీ లేదు. పటేలు పోయాడు, కర్రి అంతకు చాలా ముందే పోయింది. మిగిలింది ఆ కొడుకులు చెప్పే అబద్ధం. నర్సింలు పేరే నేను పలక మీద నా పేరు కంటే ముందు నేర్చుకున్నాను, ఈ ఒక్కటి రాయడానికి.

అందుకని ఆ పొద్దు అక్కడ ఉన్నవాళ్ళందరినీ రాస్తున్నాను. లష్కర్ ఖాదర్ మామ, గడియారంతో. మా నాన్న సాయిలు, తడి చేతులతో. కుమ్మరి బాలయ్య. మంగలి పోశెట్టి, ఆయన తమ్ముడు గంగారాం. కోస్తా నుంచి వచ్చి పై మడి కొన్న వీర్రాజు గారు, ఆయన భార్య. అంతకు ముందు నవ్విన ముగ్గురు, ఎల్లవ్వ, సాయవ్వ, పెద్ద నర్సవ్వ. ఆ రోజు కూడా నవ్వారు. నేను, లచ్చవ్వ. మా కర్రి. నర్సింలు పటేలు, పంచె లేకుండా.