ఇద్దరు దొరల నడుమ టీక్యా నాయక్

నర్సింహులపేట దగ్గరి ఓ తండాకు టీక్యా నాయక్, అంటే పెద్ద, అయిన ఏడాదే, అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. తండాకు ఎగువన జగపతిరావు ఊరు, దిగువన పురుషోత్తంరెడ్డి ఊరు. చెరువు తూము జగపతిరావు చేతిలో ఉంది. మానుకోటకు పోయే బాట పురుషోత్తంరెడ్డి పొలాల మీదుగా పోతుంది. నలభై ఇళ్ల తండాకు రెండూ కావాలి.

ఊరేగింపుకు మనుషుల్ని పంపమన్నాడు జగపతిరావు. ఉద్యమం గిట్టని పురుషోత్తంరెడ్డి, తన ధాన్యం కొట్లకు కాపలా పంపమన్నాడు. టీక్యా పదిమందిని అటు, పదిమందిని ఇటు పంపాడు. ఒక దొర ఇంట్లో విన్న మాట ఇంకో దొర ఇంట్లో ఎన్నడూ పొక్కనివ్వలేదు. అలాగే పన్నెండేళ్లు నెట్టుకొచ్చాడు.

డెబ్బై ఐదులో మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు జాల్యా, తాను పనిచేసే సిక్కిం సంగతి చెప్పాడు.

“శాన చిన్న రాజ్యం బాపూ. ఓ దిక్కు చైనా, ఓ దిక్కు మనం.”

“మరి రాజు ఎట్ల బతుకుతుండు?”

“ఇంకేడి రాజు? జనం ఓట్లేసిండ్రు, మన దేశంల కలిసింది. పక్కన భూటాన్ మాత్రం నిలబడ్డది. బయటి సంగతులు మనలనడిగి చేస్తది, ఇంటి పెత్తనం ఇడ్వది.”

“ఒక్కనికి తల వంచితే ఇంకొకడు ఊకుంటడా?” అన్నాడు టీక్యా. తినే రొట్టె పక్కన పెట్టేశాడు.

ఎనభై ఒకటిలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. రెండూళ్లకూ, తండాకూ పంచాయతీ ఒక్కటే. దొరలిద్దరూ సర్పంచ్‌కు నిలబడ్డారు. “తండ మీదే దొరా” అని ఇద్దరికీ మాటిచ్చాడు టీక్యా. తర్వాత ఇల్లిల్లూ తిరిగి ఓట్లను సగం సగం పంచాడు. తండా డబ్బా విప్పితే ఇద్దరికీ నలభై ఒక్కటేసి వచ్చాయి. జగపతిరావు తొమ్మిది ఓట్లతో గెలిచాడు.

గెలిచినవాడు తూము మూసేశాడు. ఓడినవాడు బాటకు అడ్డంగా మనిషి లోతు కందకం తవ్వించాడు.

వరి పొట్టకొచ్చే వేళకు మడులు నెర్రెలిచ్చాయి. టీక్యా ఇద్దరి వాకిళ్లలోనూ చెరో రోజు పొద్దంతా నిలబడ్డాడు. ఒక్కరూ బయటికి రాలేదు. ఆ వారంలోనే ఓ తెల్లవారుజామున జాల్యా భార్య ధ్వాలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. బండి కందకం దగ్గర ఆగిపోయింది. నులక మంచం మీద ఆమెను కందకంలోకి దించి, అవతలి గట్టుకు ఎక్కించి, నలుగురు మోసుకుంటూ మానుకోట దవాఖానకు చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. ధ్వాలి బతికింది. మగబిడ్డ దక్కలేదు.

మర్నాడు టీక్యా జగపతిరావు ఉండే గడికి పోయి తలపాగా తీసి నేల మీద పెట్టాడు.

“ఇగ నేను మీ మనిషినే దొరా. నీళ్లిడువుండ్రి.”

“ఇడుస్త. పోలీసులను పిలిచి కందకం సుత పూడిపిస్త. గని తండ పంచాయితులన్ని ఇగ మా గడిల్నే జరగాలె. నాయక్ అన్న పేరు నువ్వే ఉంచుకో.”

“ఇంటి ముచ్చట్లు సుతనా దొరా?”

“అన్ని.”

టీక్యా తలూపాడు.

సాయంత్రానికి నీళ్లొచ్చాయి. మూడో రోజుకు బాట సాఫయింది. నెల తిరక్కుండానే తండాలో అన్నదమ్ములిద్దరు దున్నపోతు కోసం కొట్లాడుకుని, టీక్యా గుడిసె దాటుకుంటూ సీదా గడికి పోయారు. వాళ్ల వెనక తండా సగం పోయింది.

ధ్వాలి గడప మీద కూర్చుని ఉంది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె మామతో మాట్లాడలేదు.

“గా దొర ముంగట తలపాగ వారం ముందే ఎందుకు తియ్యలే మామా?”

తండా పెత్తనం పోతుందని తీయలేదు. టీక్యా తలపాగా సర్దుకుని, గడికి పోయినవాళ్ల వెనకే నడిచాడు.