ఉప్పునీళ్ల తలుపు

లింగమూర్తికి పట్టింపు ఒక్కటే: ఓడను ఎండిపోనివ్వకూడదు. నానక్‌రామ్‌గూడకు సముద్రం ఎన్ని వందల మైళ్ల దూరమో ఆయన ఏనాడూ లెక్కచేయలేదు.

సరుకుల ఓడలో ఇరవై రెండేళ్లు బొగ్గు వేశాడు. నలభై ఏడులో ఆ ముసలి ఓడను బొంబాయిలో పాత ఇనుము కింద విరగ్గొడుతుంటే తోటివాళ్లంతా కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోయారు. ఈయన మాత్రం ఒక టేకు తలుపూ, పన్నెండు పలకలూ రైలెక్కించి, ఆపైన ఎడ్లబండి మీద ఊళ్లో దిగాడు. పలకలు వసారాలో పరిచాడు. తలుపును గోడకు ఆనించాడు. ఓడ కర్రకు ఉప్పునీళ్లే ఊపిరి అంటూ, రోజూ పొద్దున్నే బిందెడు నీళ్లలో రెండు దోసిళ్ల ఉప్పు కలిపి అన్నింటినీ కడిగేవాడు.

భార్య సీతాబాయికి సముద్రమంటే గౌరవం లేకపోలేదు. అది తన ఉప్పుకుండలోంచి రావడమే నచ్చలేదు.

“పప్పుల ఉప్పు లేదు,” అనేది.

“పప్పుదేముంది? తింటే అయిపోతది. ఇది ఉండాలె గద!”

“ఆ తలుపు కోస్తే రెండు మంచాలైతయే,” అన్నాడొకసారి వడ్రంగి ఎల్లేశం. లింగమూర్తి అతనితో నెల రోజులు మాట్లాడలేదు.

ఆ ఎండకాలం గాలిదుమారం పక్కింటి పోచమ్మ గుడిసెకు తలుపుగా ఉన్న తడికెను ఎగరేసుకుపోయింది. పోచమ్మ ఒంటరి మనిషి. ఆమె ఆస్తి నాలుగు మేకలు, అవీ గుడిసెలోనే పడుకునేవి. మూడోనాటికి తోడేలు ఒకదాన్ని ఎత్తుకుపోయింది. సీతాబాయి కొత్త తడికె ఇస్తే, పోచమ్మ దాన్ని మోసుకొచ్చి వసారాలో పెట్టేసింది.

“మేకలన్న పోనీ గని, ఒకలిచ్చింది నేను తీస్కోనక్కా!”

మర్నాడు పొద్దున లింగమూర్తి తలుపును ఎల్లేశం నెత్తికెత్తి, పోచమ్మ గుడిసె ముందుకు బయల్దేరాడు. ఆయనకేమైందోనని సీతాబాయి వెంట నడిచింది.

“పోచమ్మా, జర పరేషాన్ల పడ్డ. గోడకు ఆనిచ్చి ఆనిచ్చి ఈ తలుపు వంకరపోతున్నది. ఓడ తలుపు మడతబందుల మీద నిలవడాలె. పొద్దుగాల తెరవాలె, పొద్దుగూకంగనే మూయాలె. లేకుంటే సచ్చిపోతది. మా ఇంట్ల ఖాళీ దర్వాజ లేదు.”

పోచమ్మ తలుపును అనుమానంగా చూసింది. “నిజమేనా అక్కా?”

రెండేళ్లుగా ఆ తలుపు వెంట్రుకవాసి కూడా వంగలేదని సీతాబాయికి తెలుసు.

“ఆ ఫికర్ తోని ఆయన బువ్వ తింటలేడు,” అంది.

“సరే గని అన్నా, నా మేకలు దానికి రాసుకుంటయ్. నన్ననొద్దు.”

లింగమూర్తి దీర్ఘంగా ఆలోచించాడు. “ఓర్సుకుంట,” అన్నాడు.

మిగిలిన మూడు మేకలూ దక్కాయి. బావి దగ్గర పోచమ్మ అందరికీ చెప్పేది: “పాపం, లింగమూర్తన్నకు ఇంట్ల జాగ లేదు. నేనే సాయం జేసిన.”

ఊరు ఆయన్ని జాలిగా చూసింది. లింగమూర్తి ఆ జాలిని తలవంచి స్వీకరించాడు.