జ్ఞానాంబ మాడ్చిన చక్కెర

చిత్తూరులో మా వీధి పెళ్ళిళ్ళకు అతిరసాలకు, అదే అరిసెలకు, పాకం పట్టాలంటే జ్ఞానాంబే రావాలి. పదిహేనేళ్ళకు కోడలుగా వచ్చి అత్త దగ్గర ఆ పని నేర్చుకుంది. మొగుడు మునివెంకటప్ప మామిడికాయల మండీలో మూటలు మోసి మోసి నడుము పట్టేసి మంచాన పడ్డాక, ఆ పాకంతోనే ఇల్లు నెట్టుకొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆమె చేతిలో ఒక్క బాండలి మాడలేదు. పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ మాడడం అనే మాటే ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే గరిటె తీసుకొని వెంటపడేది. నా వెంటా పడింది ఒకసారి.

డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె ఇంటి ముందరి గదిలో బాడుగకుండే నర్సు చంద్రకాంతమ్మ ఒక చేతిలో కేకూ, ఇంకో చేతిలో నలిగిన కాగితమూ పట్టుకొని వంటింట్లోకి వచ్చింది.

“అక్కా, నువ్వే నన్ను గట్టెక్కించల్ల. నాకు పని నేర్పించిన దొరసానమ్మ రాయవేలూరు ఆస్పత్రి నుంచి నాలుగు గంటలకి వస్తా ఉండాది. ఎల్లుండి వాళ్ళ దేశానికి పోతాది, ఇంక రాదు. వాళ్ళమ్మ కేకు మీద పూసే చక్కెర పూత గురించి మాకు ఎన్నిసార్లు చెప్పిందో! ముప్పై ఏండ్లుగా తినలేదంట. ఒక్క ముక్క తినిపించి పంపల్లని నా ఆశ.”

“కేకుండాది గదే?”

“కేకు బేకరీలో దొరికింది. ఆ పూత యాడా దొరకలా. ఎట్ల చేసేదో ఆమె చెప్తా ఉంటే అప్పుడే రాసి పెట్టుకున్నా.”

“చక్కెర పాకంలో నాకు తెలీనిది ఏముండాది? పోయి మొగం కడుక్కో పో,” అనేసింది జ్ఞానాంబ, కాగితంలో ఏముందో వినకుండానే.

పాలూ వెన్నా పక్కనే ఉన్న మా ఇంటి నుంచి నేనే తీసుకెళ్ళాను. అందుకే అంతా కళ్ళారా చూశాను.

ఆమె బాండలిలో చక్కెర వేసి, అలవాటుగా చెంబుతో నీళ్ళు వంచబోయింది.

“నీళ్ళు పోయకూడదంట!” అని అరిచింది చంద్రకాంతమ్మ.

“నీళ్ళు లేకుండా పాకమా? రాసింది నువ్వేనా, ఇంకెవరన్నానా?”

“వట్టి చక్కెరే కరగల్ల. కరిగినాక...” నర్సు నసిగింది. “కరిగినాక మాడ్చల్లంట.”

జ్ఞానాంబ చెంబు పక్కన పెట్టి గరిటె అందుకుంది. ఆ పొయ్యి ముందర ఆ మాట! నాకైతే వెనక్కి జరగాలనిపించింది. కానీ ఆమె కొట్టలేదు, తిట్టలేదు. నన్ను చూసి, “ఏమ్మే, నాకు చెవులు సరిగ్గా ఉండాయా?” అంది.

చక్కెర కరిగింది. తేనె రంగు వచ్చింది. రంగు తిరిగిందో లేదో, ఆమె చెయ్యి దానంతట అదే బాండలిని దించేసింది.

“ఇంకా పెట్టక్కా.”

పెట్టింది. మళ్ళీ దించింది. మూడోసారి పెట్టి, పొయ్యికి వీపు తిప్పి నిలబడి, చంద్రకాంతమ్మతో “నువ్వే సూడమ్మా, నేను సూడలేను. వాసన వస్తే చెప్తా,” అంది. ముక్కు పైకెత్తి వాసన పట్టడం, చెంగుతో ముక్కు మూసుకోవడం, మళ్ళీ తియ్యడం. లోపల మంచంలోంచి మునివెంకటప్ప, “ఏందే, యాడో మాడతా ఉండాది!” అని కేకేశాడు.

“మాడ్చమనే చెప్పినారంటయ్యా! నువ్వు గమ్మునుండు!”

పాలు పోయగానే బుస్సుమని పొంగి, కరిగిన చక్కెరంతా రాళ్ళలాగా గడ్డకట్టింది. జ్ఞానాంబ నెత్తిన చెయ్యి పెట్టుకొని కూర్చుంది. చంద్రకాంతమ్మ కాగితం వెనకా ముందూ తిప్పి చూసింది. రాళ్ళ గురించి ఏమీ లేదు. ఎవరికీ ఏమీ తోచక సన్నని సెగ మీద తిప్పుతూ కూర్చుంటే, ఎందుకో ఏమో, ఆ రాళ్ళే మెల్లగా కరిగిపోయాయి.

“ఇంక చల్లనీళ్ళలో ఒక బొట్టు వేస్తే మెత్తటి ఉండ కావల్లంట.”

జ్ఞానాంబ మొహం ఒక్కసారిగా విప్పారింది. “అది అతిరసాల పాకం గదే! ముందే చెప్పుంటే ఇంత బాధ ఎందుకు?”

బొట్టు వేసింది. వేళ్ళతో నొక్కింది. ఉండ అయింది. అంతే, ముప్పై ఏళ్ళ చెయ్యి ఊరుకుంటుందా? రేపటి ఆర్డరుకు జల్లించి పక్కన పెట్టిన తడి బియ్యప్పిండి గుప్పెడు తీసి బాండలిలో పోసేసింది.

“అక్కా! వెన్న వేయల్ల! పిండి కాదు!”

ముగ్గురం బాండలిలోకి చూస్తూ ఉండిపోయాం. అప్పటికే మూడున్నర అయింది. ఇంట్లో ఇంక పిడికెడు చక్కెర లేదు.

“ఇప్పుడేం చెయ్యల్ల?” అంది జ్ఞానాంబ చిన్న గొంతుతో.

వెన్న వేసి, చల్లారేదాకా తెడ్డుతో బాదీ బాదీ, కేకు మీద పూశారు. అటు అతిరసమూ కాదు, ఇటు ఐసింగూ కాదు.

దొరసానమ్మ నాలుగింటికే వచ్చింది. తెల్లచీర, తెల్లజుట్టు. ఇన్నేళ్ళూ ఈ చుట్టుపక్కలే ఉన్న మనిషి గనక మన మాటలే మాట్లాడుతుంది. ముక్క నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలింది.

“బాగుండాది,” అంది. మిగిలిన ముక్కను తిప్పి చూసి, “మా అమ్మది ఇంకా మాడి ఉంటాది,” అంది.

“ఇంకా మాడల్లనా?” అంది జ్ఞానాంబ బిత్తరపోయి.

“చేసిన బాండలి యాడమ్మా? కడిగేసినారా?”

లేదనగానే ఆమె లేచి నేరుగా వంటింట్లోకి నడిచింది. బాండలి ముందర చతికిలబడి, పాలు పోయకముందే అంచుకు అంటుకొని నల్లబడిన చక్కెరను చెంచాతో గీకడం మొదలుపెట్టింది.

“అయ్యో, ఇంటికొచ్చిన మనిషి గీకులు తినేదా! లాక్కోవే నర్సమ్మా!” జ్ఞానాంబ గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటోంది.

దొరసానమ్మ ఆ నల్లటి పెచ్చు నోట్లో వేసుకొని కళ్ళు మూసుకుంది. “ఇదే,” అంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చంద్రకాంతమ్మ కూడా పైట కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

“ఏమ్మే,” జ్ఞానాంబ నా చెవిలో గొణిగింది, “ఈమె సంతోషపడతా ఉండాదా, బాధపడతా ఉండాదా?”

“నాకేం తెలుసక్కా.”

జ్ఞానాంబ చేతులు చెంగుకు తుడుచుకుంది. తర్వాత వెళ్ళి దొరసానమ్మ ఎదురుగా కూర్చొని, అవతలి అంచు చెంచాకు అందేలా బాండలిని మెల్లగా తిప్పి పట్టుకుంది.